స్ట్రెచ్ చేసిన అరగంటకే తుంటి మళ్ళీ ఎందుకు బిగుసుకుంటుంది?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. రోజంతా కుర్చీలో పని. తుంటి ముందు భాగం ఎప్పుడూ పట్టేసినట్టే ఉంటుంది. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే మోకాళ్ళు గాల్లోనే ఆగిపోతాయి. జిమ్‌లో ట్రైనర్ పక్కనుంచి చూసి "మీ పెల్విస్ (కటి ఎముక) ముందుకు వంగిపోయింది, కుడి పక్క కాస్త పైకి కూడా లేచింది" అన్నారు. అప్పటినుంచి నెలల తరబడి రోజూ స్ట్రెచ్‌లు చేస్తున్నారు. చేసిన అరగంట హాయిగా ఉంటుంది, తర్వాత మళ్ళీ మామూలే. పెల్విస్ సరిగ్గా కూర్చోవాలంటే ఇంకా ఏం సాగదీయాలి అని అడిగారు.

ఆ "అరగంట హాయి" దగ్గరే సగం జవాబు దొరుకుతుంది. నిజంగా పొట్టిబడిన కండరాన్ని సరిగ్గా సాగదీస్తుంటే ఇన్ని నెలల్లో కొంతైనా నిలవాలి. నిలవట్లేదంటే నా అనుభవంలో రెండే కారణాలు. సాగాల్సిన కండరం సాగకుండా దాని బదులు నడుము వంగుతోంది, లేదా సాగాల్సిన అవసరమే లేని కండరాన్ని మీరు రోజూ లాగుతున్నారు. ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరికి ఇదే ఫిర్యాదుతో వచ్చేవాళ్ళలో రెండో రకం వాళ్ళు తక్కువేం కాదు. మీరు ఏ రకమో తేలకుండా కొత్త స్ట్రెచ్ చెప్తే మీ సమయం ఇంకొన్ని నెలలు వృథా అవుతుంది.

ముందు ఆ వంగిపోయిన పెల్విస్ గురించి టెన్షన్ వదిలేయండి. నడుముకి ముందు రెండు పక్కలా చేతికి తగిలే ఎముక మొనలు ఉంటాయి, వెనక సొట్టలు పడే చోట ఇంకో రెండు. వెనక మొనల కంటే ముందువి కిందికి ఉంటే పెల్విస్ ముందుకు వంగింది అంటారు. ఏ నొప్పీ లేని 120 మందిని ఇలా కొలిచిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. మగవాళ్ళలో 85 శాతం, ఆడవాళ్ళలో 75 శాతం మందికి పెల్విస్ ముందుకే వంగి ఉంది. అంటే ఆ వంపు మనుషులకి మామూలే. పైగా కటి ఎముక ఆకారమే మనిషికీ మనిషికీ మారుతుంది. ఒకే భంగిమలో పెట్టిన రెండు ఎముకల్లో కూడా ఈ మొనల మధ్య కోణం పదీ ఇరవై డిగ్రీలు తేడా రావచ్చు. పక్కనుంచి చూసో, ఫోటో తీసో వంపు ఎక్కువైందని తేల్చడం కుదిరే పని కాదు.

ఒక పక్క పైకి లేవడం కూడా అలాంటిదే. రెండు కాళ్ళ పొడవులో కొద్దిపాటి తేడా దాదాపు 90 శాతం మందిలో ఉంటుంది, సగటున 5 మిల్లీమీటర్లు. అంతమాత్రానికి నొప్పి రావాలని ఏం లేదు. "ఎముక పక్కకి జారింది, లాగి చోటికి తెచ్చాం" అనే మాట కూడా చాలామంది వినే ఉంటారు. వెన్ను అడుగున పెల్విస్‌తో కలిసే కీలు చాలా గట్టిది, మహా అయితే రెండు మూడు డిగ్రీలు కదులుతుంది. ఎముకల్లో చిన్న గుర్తులు అమర్చి, చేత్తో సరిచేయకముందూ చేశాకా ఎక్స్‌రే తీసి 1998లో ఒక పరిశోధన జరిగింది. ఎముక స్థానం మారలేదని తేలింది. అలా చేయించుకున్నాక హాయిగా అనిపించడం మాత్రం అబద్ధం కాదు. కండరాల బిగువు తగ్గి, నొప్పి కొంతసేపు మందగిస్తుంది. ఎముక చోటుకి వచ్చినందువల్ల వచ్చిన హాయి కాదది.

మరి పెల్విస్ సంగతి అసలు పట్టించుకోవద్దా అంటే, దాని కదలికని పట్టించుకోవాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, నడుము కింద చెయ్యి పెట్టండి. ఊపిరి వదుల్తూ నడుముతో చేతిని నొక్కండి, తర్వాత నడుము లేపి చేతికి ఖాళీ ఇవ్వండి. భుజాలు బిగించకుండా, ఊపిరి బిగపట్టకుండా, రెండు వైపులకీ నెమ్మదిగా వెళ్ళగలిగితే మీ పెల్విస్ బాగానే ఉంది. ఒక వైపుకి అసలు వెళ్ళలేకపోతే, లేదా పొట్టంతా బిగించి ముక్కితే గానీ కదలకపోతే, మొదట చేయాల్సిన వ్యాయామం అదే. దీన్ని తేలిక పని అనుకుని వదిలేసేవాళ్ళే ఎక్కువ. తర్వాత చెప్పే స్ట్రెచ్ పనిచేయాలంటే ఈ చిన్న కదలిక చేతిలో ఉండాలి.

ఇప్పుడు తుంటి ముందు భాగంలో ఏమేం ఉన్నాయో చూద్దాం, ఎందుకంటే ఒక్కోదానికి సాగే పద్ధతి వేరు. అన్నిటికన్నా లోతుగా ఉండేది సోయాస్. ఛాతీ వెన్నుపూసల్లో చివరిదైన పన్నెండోదాని దగ్గర్నుంచి నడుము వెన్నుపూసల పక్కగా మొదలై, పొట్ట వెనక నుంచి కిందికి దిగి, తొడ ఎముక లోపలి వైపు ఉండే చిన్న బుడిపెకి అతుక్కుంటుంది. కటి ఎముక లోపలి గిన్నెలో పుట్టే ఇలియాకస్ దారిలో దీంతో కలుస్తుంది. ఈ రెండూ దాటేది తుంటిని మాత్రమే, మోకాలితో వీటికి పని లేదు. తొడ ముందున్న నాలుగు కండరాల్లో ఒకటి, రెక్టస్ ఫెమోరిస్, తుంటినీ మోకాలినీ రెంటినీ దాటుతుంది. కాబట్టి అది సాగాలంటే కాలు వెనక్కి వెళ్ళాలి, మోకాలూ మడవాలి. ప్యాంటు ముందు జేబు ఉండే చోట ఇంకో చిన్న కండరం, టీఎఫ్ఎల్, తొడని ముందుకీ బయటికీ లాగుతుంది. పొద్దస్తమానం కూర్చునేవాళ్ళు "ఇక్కడ పట్టేసింది" అని బొటనవేలు పెట్టి చూపించే చోటు చాలాసార్లు ఇదే.

వీటిలో నిజంగా పొట్టిబడింది ఏదో చూడటానికి పాత పరీక్ష ఒకటుంది. పంతొమ్మిదో శతాబ్దపు ఎముకల వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ పేరుతో పిలుస్తారు. గట్టి బల్ల గానీ, మెత్తగా కుంగిపోని మంచం గానీ కావాలి. అంచు మీద పిరుదుల చివరి భాగం ఆనేలా కూర్చుని, రెండు మోకాళ్ళూ గుండెలకి హత్తుకుని వెనక్కి వాలండి. ఇప్పుడు ఎడమ మోకాలిని చేతులతో అలాగే పట్టుకుని, కుడి కాలిని నెమ్మదిగా వదిలేయండి. వేలాడనివ్వండి, కిందికి నొక్కొద్దు. పక్కనుంచి ఎవరైనా ఫోటో తీస్తే మంచిది, పడుకుని మన తొడ మనకి సరిగ్గా కనపడదు.

తొడ బల్లకి సమానంగానో, ఇంకా కిందికో దిగి, మోకాలు దానంతటదే దాదాపు 80 డిగ్రీలు మడిచి వేలాడితే తుంటి ముందు కండరాల పొడవుకి కొరత లేదు. తొడ గాల్లోనే ఆగిపోతే సోయాస్, ఇలియాకస్‌ల మీద అనుమానం. తొడ దిగింది గానీ మోకాలు ముందుకి చాచుకుంటోంది, మడమని చేత్తో వెనక్కి నెడితే తొడ పైకి లేస్తోంది అంటే రెక్టస్ పొట్టిగా ఉంది. తొడ కిందికి రావడానికి ముందు బయటి పక్కకి జరిగిపోతే టీఎఫ్ఎల్‌ది పని. ఇంతా చేసి ఒక్క చోట మోసపోతారు. నడుము బల్ల మీద నుంచి లేస్తే, ఎంత పట్టేసిన తొడైనా కిందికి దిగినట్టే కనపడుతుంది. అందుకే ఎడమ మోకాలిని నడుము బల్లకి ఆనేంత మాత్రమే హత్తుకోవాలి. మరీ గట్టిగా లాగితే వ్యతిరేకంగా జరుగుతుంది, కొరత లేనివాళ్ళకి కూడా తొడ లేచిపోతుంది. రెండు కాళ్ళకీ చేయండి, తేడా రాసి పెట్టుకోండి.

రెండో పరీక్ష బాసింపట్టు సంగతి తేలుస్తుంది. బోర్లా పడుకుని ఒక మోకాలిని 90 డిగ్రీలు మడవండి, పాదం పైకప్పు వైపు ఉంటుంది. పెల్విస్ కదలకుండా ఆ పాదాన్ని బయటికి పడనివ్వండి, తర్వాత రెండో కాలి వైపు లోపలికి పడనివ్వండి. పాదం బయటికి పడితే తుంటి లోపలికి తిరుగుతున్నట్టు, పాదం లోపలికి వస్తే తుంటి బయటికి తిరుగుతున్నట్టు. వినడానికి తికమకగా ఉంటుంది, చేస్తే అర్థమవుతుంది. పెద్దవాళ్ళలో రెండు వైపులా సుమారు 35 నుంచి 45 డిగ్రీలు తిరగడం మామూలు. పాదం బయటికి 60 డిగ్రీలు పడిపోయి, లోపలికి 20 దగ్గరే ఆగిపోతే, అది కండరం పట్టేయడం వల్ల కాకపోవచ్చు. తొడ ఎముకలోనే మెలిక ఉంటుంది. పెద్దవాళ్ళలో సగటున 15 డిగ్రీల దాకా ఉండే ఆ మెలిక కొందరిలో ఎక్కువ. చిన్నప్పుడు రెండు పాదాలూ బయటికి పెట్టి, మధ్యలో పిరుదులు ఆనించి హాయిగా కూర్చునే పిల్లలు చాలామంది ఇలాంటివాళ్ళే. వీళ్ళు ఎన్నేళ్ళు స్ట్రెచ్ చేసినా బాసింపట్టులో మోకాళ్ళు నేలకి ఆనవు, ఆనాల్సిన అవసరమూ లేదు. పిరుదుల కింద ఒక దిండు పెట్టుకుంటే చాలు.

ఈ దిండు మాట చెప్తే చాలామందికి నచ్చదు. మోకాళ్ళ మీద చేతులు వేసి కిందికి నొక్కుతారు, లేదా పక్కవాళ్ళ చేత నొక్కిస్తారు. తుంటి తిరగనప్పుడు ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. మోకాలు మడవడానికీ చాపడానికీ తయారైన కీలు, పక్కకి తిప్పితే లోపలి గుజ్జుపలక (మెనిస్కస్) దెబ్బతినొచ్చు. తుంటి కోసం చేసిన స్ట్రెచ్‌తో మోకాలు పాడు చేసుకుని వచ్చినవాళ్ళని చూసినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అది పూర్తిగా తప్పించుకోదగ్గ దెబ్బ.

ఇంకో సంగతి. మోకాలిని గుండెల దాకా తెచ్చి, ఎదురు భుజం వైపు లాగి చూడండి. పిరుదులో గుంజితే అది సాగడం. గజ్జలో, సరిగ్గా మడత దగ్గర, ఏదో నొక్కుకున్నట్టో గుచ్చినట్టో ఉంటే అది సాగడం కాదు. తొడ ఎముక తలకాయా దాని గిన్నె అంచూ ఒకదానికొకటి తగులుతూ ఉండవచ్చు. ఈ రకం తుంటిని ఇంకా లోతుగా మడిచి నొక్కితే లోపలి మెత్తటి అంచు చీరుకుపోయే ప్రమాదం ఉంది. లాగుడు ఎప్పుడూ ముడత పడే పక్కకి ఎదురు పక్క తెలియాలి. ముడత పడే చోటే నొప్పి వస్తే ఆ భంగిమ ఆపేసి, ఆర్థోపెడిక్ డాక్టర్‌కి గానీ ఫిజియోథెరపిస్ట్‌కి గానీ చూపించుకోండి.

సరే, థామస్ పరీక్షలో తొడ చక్కగా కిందికి దిగింది అనుకుందాం, అయినా రోజంతా పట్టేసినట్టే ఉంది. మీ అరగంట హాయిని బట్టి చూస్తే మీది ఇదే కావచ్చని నాకు అనుమానం. పట్టేసినట్టు అనిపించడం వేరు, పొట్టిగా ఉండటం వేరు. స్ట్రెచ్ చేసిన వెంటనే కాలు ఇంకాస్త దూరం వెళ్తుంది గదా, అందులో ఎక్కువ భాగం కండరం పొడవు పెరగడం వల్ల కాదు, లాగుడిని ఓర్చుకునే శక్తి కాసేపు పెరగడం వల్ల. 2010లో ఈ విషయం మీద వచ్చిన ఒక సమీక్ష తర్వాత మా వృత్తిలో చాలామంది ఆలోచన మారింది. ఓర్పు తగ్గగానే పాత లాగుడు తిరిగి వస్తుంది.

ఆ లాగుడు అసలెందుకు వస్తుందంటే, తరచుగా బలం లేకపోవడం వల్ల. ఇది వినగానే ఎవరూ నమ్మరు. గోడకి దగ్గరగా నిటారుగా నిలబడి, ఒక మోకాలిని చేతులతో తుంటి కన్నా పైకి లేపుకోండి. ఇప్పుడు చేతులు వదిలేసి, వెనక్కి వాలకుండా కాలిని అక్కడే 15 సెకన్లు ఆపండి. మూడో సెకనుకే మోకాలు జారిపోయిందా? తొడ ముందు ఠక్కున పట్టేసిందా? అంత ఎత్తులో కాలిని మోయాల్సింది ముఖ్యంగా సోయాస్. దానికి బలం లేక, జేబు దగ్గర ఉండే ఆ చిన్న కండరం దాని పని నెత్తిన వేసుకుని రోజంతా అలిసిపోతుంది. అలిసిన కండరం బిగుసుకున్నట్టే అనిపిస్తుంది. దాన్ని సాగదీస్తే కాసేపు హాయి, కానీ పని మాత్రం తగ్గదు.

నిలబడే తీరు కూడా ఒకసారి చూసుకోండి. ఫోటోలో మడమల కన్నా తుంటి బాగా ముందుకి తోసుకుని, వీపు పైభాగం వెనక్కి వాలి ఉంటే, చూసేవాళ్ళకి నడుము వంపు ఎక్కువైనట్టే కనపడుతుంది. కానీ అక్కడ పెల్విస్ తరచుగా వెనక్కే తిరిగి ఉంటుంది, తుంటి ముందు కండరాలు అప్పటికే సాగి వేలాడుతున్నాయి. వీళ్ళకి సోయాస్ స్ట్రెచ్ చెప్పడం తప్పు, అయినా చెప్పేవాళ్ళకి కొదవ లేదు. బొటనవేలు వంచితే ముంజేతికి తగిలేవాళ్ళు, మోకాళ్ళు వెనక్కి విల్లులా వంగేవాళ్ళు, అంటే పుట్టుకతోనే కీళ్ళు వదులుగా ఉన్నవాళ్ళు కూడా స్ట్రెచ్‌లు తగ్గించి బలం మీద పడాలి.

నిజంగా కొరత ఉన్నవాళ్ళ సంగతికి వస్తే, ఒక్క స్ట్రెచ్ సరిగ్గా చేస్తే పదింటి పెట్టు. కుడి మోకాలి కింద మెత్తటిది వేసి నేల మీద ఆనించండి, ఎడమ పాదం ముందు. కుడి మోకాలు సరిగ్గా తుంటి కింద ఉండాలి. అందరూ చేసేది ఏమిటంటే, ఇక్కడి నుంచి ఒళ్ళంతా ముందుకి తోసేస్తారు. తొడ చాలా వెనక్కి వెళ్ళినట్టు కనపడుతుంది, చూసేవాళ్ళు భలే అంటారు. కానీ ఆ వంపంతా నడుములో వచ్చింది, తుంటి దగ్గర కోణం పెద్దగా మారలేదు.

మీరు అసలు ముందుకే వెళ్ళొద్దు. ఉన్నచోటే ఉండి, పడుకుని నేర్చుకున్న కదలికనే ఇప్పుడు నిటారుగా చేయండి. తోక ఎముకని కాళ్ళ మధ్యకి ముడుచుకుంటున్నట్టుగా పెల్విస్‌ని వెనక్కి తిప్పండి. బెల్టు బకిల్ గడ్డం వైపు లేస్తున్నట్టు ఊహించుకుంటే తేలిక. కుడి పిరుదుని బిగించండి. పక్కటెముకలు ముందుకి పొడుచుకు రాకుండా ఊపిరి మెల్లగా వదలండి. చాలామందికి ఒక్క అంగుళం కూడా కదలకుండానే తొడ పైభాగంలో, గజ్జకి కాస్త కింద, గట్టిగా లాగుతుంది. "ఇన్నాళ్ళూ ఇది తెలియనే లేదు" అంటారు. ఆ పట్టు వదలకుండా ఇప్పుడు కావాలంటే రెండు అంగుళాలు ముందుకి జరగండి. పట్టు జారగానే ఆగండి, అక్కడికి అదే మీ హద్దు. నడుములో నొప్పి తెలిస్తే పట్టు జారినట్టే లెక్క.

ఎంతసేపు అంటే 30 సెకన్లు. తొడ వెనక కండరాల మీద 1994లో చేసిన ప్రయోగంలో నిమిషం పట్టినవాళ్ళకీ అర నిమిషం పట్టినవాళ్ళకీ తేడా రాలేదు. ఒక్కో కాలికి రెండు మూడు సార్లు, వారానికి ఐదు రోజులు చాలు. మొండిగా ఉంటే ఇంకో పద్ధతి కలపండి. సాగిన చోట ఆగి, కుడి మోకాలిని నేల మీద ముందుకి ఈడ్చబోతున్నట్టు, కదలకుండా, సగం బలంతో ఆరు సెకన్లు బిగించండి, వదలండి, పెల్విస్‌ని ఇంకాస్త ముడవండి. 1940లలో హెర్మన్ కబాట్ అనే వైద్యుడు పక్షవాతం వచ్చినవాళ్ళ కోసం మొదలుపెట్టిన చికిత్సలోంచి వచ్చిన పద్ధతి ఇది, ఇప్పుడు ఆటగాళ్ళు చాలామంది వాడుతున్నారు. రెక్టస్ పొట్టిగా ఉంటే ఇదే భంగిమలో వెనక పాదాన్ని సోఫా మీదకో కుర్చీ మీదకో ఎత్తాలి. మామూలుది నడుము వంచకుండా వచ్చాకే దీని జోలికి వెళ్ళండి, లేదంటే నడుముకి తిప్పలు.

పరుగుకో బరువులెత్తడానికో ముందు ఒకే కండరాన్ని నిమిషానికి మించి పట్టి ఉంచకండి, బలం కొద్దిగా తగ్గుతుంది. అప్పుడు కాళ్ళు ఊపుతూ కదలికలతో వేడెక్కడం మేలు.

ఇక నిలవడం గురించి. సాగిన పొడవులో కండరం పనిచేయడం నేర్చుకుంటేనే అది నిలుస్తుంది. పూర్తి పరిధిలో బరువు వ్యాయామాలు చేసినా, స్ట్రెచ్‌లు చేసినా కీళ్ళ కదలిక ఇంచుమించు ఒకేలా పెరుగుతుందని చాలా ప్రయోగాలని కలిపి 2021లో లెక్క చూశారు. నాకు ఇష్టమైంది వెనక కాలు పొడవుగా పెట్టి చేసే స్ప్లిట్ స్క్వాట్. ఒక పాదం ముందు, ఒకటి బాగా వెనక, మడమ లేచి ఉంటుంది. నాలుగు లెక్కపెడుతూ నిటారుగా కిందికి దిగండి, వెనక మోకాలు నేలకి చేరువయ్యేసరికి ఆ తొడ ముందు భాగం బరువు మోస్తూనే సాగుతుంది. అక్కడ ఒక క్షణం ఆగి లేవండి. ఒక్కో కాలికి ఎనిమిది, రెండు మూడు విడతలు, వారానికి మూడు రోజులు. మొదట్లో కుర్చీ వీపు పట్టుకోండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

దీనికి తోడు పిరుదుల బలం కావాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, ముందు పెల్విస్‌ని ముడుచుకుని, తర్వాత తుంటిని లేపండి. తొడ వెనక పట్టేస్తోందంటే పిరుదుల పని తొడలు చేస్తున్నాయి, మడమలని కాస్త దగ్గరికి తెచ్చి తక్కువ ఎత్తుకి లేపండి. సోయాస్ కోసం, కాళ్ళు చాపి నేల మీద కూర్చుని, వీపు కుంగకుండా ఒక కాలిని పుస్తకం ఎత్తు దాటించి అటూ ఇటూ పెట్టండి. చూడటానికి పిల్లలాటలా ఉంటుంది, ఐదోసారికి నవ్వు ఆగిపోతుంది. తొడ పట్టేస్తే ఆపి, విదిలించుకుని మళ్ళీ చేయండి.

తుంటి తిరగడం తక్కువగా ఉండి, పరీక్షలో ఎముక మెలిక అనిపించనివాళ్ళకి నేల మీద 90-90 భంగిమ బాగుంటుంది. ముందు కాలు 90 డిగ్రీలు, వెనక కాలు 90 డిగ్రీలు మడిచి పక్కకి కూర్చోవడం. ముందు కాలి మీదకి వీపు వంచకుండా వాలితే పిరుదు సాగుతుంది. వెనక పాదాన్ని నేల మీద నుంచి లేపడానికి ప్రయత్నించండి, లేవకపోయినా ఆ ప్రయత్నమే వ్యాయామం. ఇది చేసేటప్పుడు తిమ్మిరిగానో కరెంటు పాకినట్టుగానో పిక్కలోకి, పాదంలోకి వెళ్తే ఆపేయండి. పిరుదు లోతున పిరిఫార్మిస్ కండరం కింద నుంచే సయాటిక్ నరం వెళ్తుంది. చిరాకెత్తిన నరాన్ని సాగదీస్తే ఇంకా మొరాయిస్తుంది.

ఫోమ్ రోలర్ తొడల మీద వాడితే తప్పులేదు, కాసేపు తేలిగ్గా ఉంటుంది, అంతే. కానీ సోయాస్‌ని వదులు చేస్తామంటూ బంతులూ కొక్కేల్లాంటి పరికరాలూ పొట్టలోకి గుచ్చుకునే వీడియోలు చూసి అలా చేయొద్దు. ఆ కండరం ముందు పేగులున్నాయి, పక్కనే పెద్ద రక్తనాళం ఉంది. అంత లోతుకి గుడ్డిగా నొక్కాల్సిన అవసరం ఎవరికీ లేదు.

కూర్చోవడాన్ని మరీ విలన్ని చేయకండి. కదలకుండా ఉండిపోవడమే ఇబ్బంది. అరగంటకోసారి లేచి, పిరుదులు బిగించి నాలుగడుగులు వేసి కూర్చుంటే చాలు. ఖరీదైన కుర్చీ కొనమని నేను ఎవరికీ చెప్పను.

రెండు మూడు వారాల్లో లాగుడు తగ్గినట్టు అనిపిస్తుంది. థామస్ ఫోటోలో తేడా కనపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. పక్కనుంచి చూస్తే మీ నడుము వంపు మాత్రం ఇప్పుడున్నట్టే ఉండొచ్చు. అది వైఫల్యం కాదు, కొలవాల్సింది దాన్ని కాదని ముందే చెప్పాను గదా.

వ్యాయామాలు పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన సందర్భాలు ఇవి: మర్మాంగాల చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ తగ్గడం, మూత్రం గానీ మలం గానీ పట్టు తప్పడం, కాలు బలహీనపడటం. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. రాత్రి నిద్రలేపే నొప్పి, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడిపోయాక మొదలైన గజ్జ నొప్పి కూడా ఆలస్యం చేయకూడనివే. చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్ళకి గజ్జలో కొత్తగా నొప్పి మొదలైతే తుంటి ఎముకకి రక్త సరఫరా తగ్గిందేమో చూడాలి, దాన్ని పట్టేసిన కండరం అనుకుని రుద్దుకుంటూ కూర్చోకూడదు. తుంటి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్ళు, గర్భిణులు తమ డాక్టర్‌ని అడగకుండా పైన చెప్పినవి మొదలుపెట్టొద్దు.

మీరు మాత్రం ఈ వారం ఏ స్ట్రెచ్ చేయకుండా పరీక్షలు రెండూ చేసి, నిలబడి మోకాలు ఆపడం కూడా చూసి, రెండు కాళ్ళకీ ఏమొచ్చిందో రాయండి. తొడ ఎక్కడ ఆగింది, మోకాలు ఎంత మడిచింది, బోర్లా పడుకున్నప్పుడు పాదం ఎటు ఎక్కువ పడింది, గజ్జలో గుచ్చిందా లేదా. అవి తెలిస్తే పైన చెప్పినవాటిలో మీకు ఏ రెండు కావాలో, ఏవి అక్కర్లేదో చెప్తాను.